తావికి రావలసిన పాయింటు

అమ్మా నాన్నా మోరిస్‌విల్‌లోని పెద్ద ఇల్లు అమ్మేసి, మెట్లెక్కే పని లేని చిన్న ఇంటికి మారుతున్నారంటే గరాజ్ ఖాళీ చేయడానికి వెళ్ళాను. అట్టపెట్టెలూ, పాత ప్రెషర్ కుక్కర్లూ, ఎవరూ తొక్కని సైకిలూ దాటుకుని వెళ్తే, గోడవారగా ఒక మూటలో చిన్న చిన్న కుర్చీ దిళ్ళు కనిపించాయి. పైన వెంకటగిరి చీర ముక్కలు, లోపల చిరిగిన దుప్పట్ల మడతలు, చుట్టూ అమ్మ చేతి కుట్టు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వెన్న పోసిన పాప్‌కార్న్ వాసనా ఇంగువ వాసనా కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళయినా పోలేదు. "వీటిని పారేసే సంచిలో వెయ్యనా?" అని కేకేశాను. వంటింట్లోంచి అమ్మ, "మిగతావి నీ ఇష్టం. ఆ ఎర్రంచుది మాత్రం వెయ్యకు. అది జడ్జిగారిది," అంది. ఆ మాటతో గరాజ్ సర్దడం ఆ పూటకి ఆగిపోయింది. నేను కాలేజీలో చదివే రోజుల్లో, మా ఇంటిల్లిపాదీ మంచు మీద ఆడే హాకీకి అప్పగించేసిన ఆ రెండు మూడేళ్ళూ ఒక్కసారిగా వచ్చి ఎదురుగా కూర్చున్నాయి.

మా నాన్న కాకినాడ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాడు. తర్వాత అమెరికా వచ్చి, రిసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో మందుల పరీక్షల లెక్కలు చూసే కంపెనీలో చేరాడు. ఆటలతో ఆయనకున్న సంబంధమల్లా క్రికెట్ స్కోరు అడగడం వరకే. చలి అంటే చచ్చేంత భయం. ఆగస్టులో కూడా సినిమా హాలుకి మంకీ క్యాప్ తెచ్చుకునేవాడు. అలాంటి మనిషికి ఆఫీసులో ఎవరో, తాము వెళ్ళలేక, మా ఊరి పెద్ద జట్టు ఆడే హాకీ మ్యాచ్ టికెట్లు ఇచ్చారు. వెళ్ళాం. కాళ్ళకు కత్తులు కట్టుకున్నట్టు మంచు మీద జారిపోయే మనుషులు, వాళ్ళ కర్రల మధ్య ఎక్కడుందో కనపడని నల్లటి రబ్బరు బిళ్ళ. దాన్ని పక్ అంటారట. నాన్నకి అది ఒక్కసారి కూడా కనపడలేదు. జనం లేచి అరిస్తే గోల్ అయిందని తెలుసుకునేవాడు. కానీ ఆట మధ్యలో పక్క సీటు పెద్దాయన మాటల్లో ఒక విషయం చెప్పాడు. ముందు ముందు పనికొస్తారని జట్టు ఇప్పుడే పేరు రాసి పెట్టుకున్న కుర్రాళ్ళు కొందరున్నారనీ, వాళ్ళు స్వీడన్‌లోనో ఫిన్లాండ్‌లోనో కెనడాలోనో ఇంకేవో లీగుల్లో ఆడుతున్నారనీ, వాళ్ళలో ఎవరు ఇక్కడికొచ్చి రాణిస్తారో ఎవరికీ తెలియదనీ అన్నాడు. "ఎవరికీ తెలియదా?" అని నాన్న మంకీ క్యాప్ చెవుల మీదికి ఎత్తి మళ్ళీ అడిగాడు. మా ఇంటి మీద పిడుగు పడింది ఆ క్షణంలోనే.

వారం తిరిగేసరికి డైనింగ్ టేబుల్ సగం ఆయనదైపోయింది. తెల్లవారగానే అమ్మ ఒక మూల దీపం పెట్టుకుంటుంటే, ఇంకో మూల నాన్న లాప్‌టాప్ తెరిచి స్వీడన్ స్కోర్లకి దణ్ణం పెట్టినంత పని చేసేవాడు. ఫిల్టర్ కాఫీ గ్లాసు పక్కనే చల్లారిపోయేది. అటు పోపు వాసన, ఇటు ఆయన గొణుగుడు. అసలు చిక్కేమిటో ఒక ఆదివారం ఇడ్లీలు తింటూ మాకు వివరించాడు. కెనడాలో కుర్రాళ్ళ లీగ్‌లో గోల్స్ ధారాళంగా పడతాయి. స్వీడన్ పెద్ద లీగ్‌లో గడ్డాలు పెంచిన మగవాళ్ళు అడ్డం నిలబడతారు, అక్కడ ఒక్క గోల్ పడ్డమే కనాకష్టం. కాబట్టి అక్కడి గోల్‌నీ ఇక్కడి గోల్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. అంతకు ముందు ఒక్కో లీగ్ నుంచి ఇక్కడి పెద్ద లీగ్‌కి వచ్చినవాళ్ళందరినీ చూసి, అక్కడి స్కోరులో ఎన్నో వంతు ఇక్కడ మిగిలిందో లెక్కకట్టాలి. ఆ వంతు పేరు గుణకం. దాంతో హెచ్చవేస్తే కుర్రాడి భవిష్యత్తు తేలిపోతుంది.

అమ్మ చట్నీ వడ్డిస్తూ, "దీనికింత గొడవెందుకండీ? మా అమ్మ ఫోన్‌లో రెండు గ్లాసుల బియ్యానికి గ్లాసు పప్పు అంటుంది. ఆవిడ గ్లాసు వేరు, మా అక్క గ్లాసు వేరు, ఇక్కడి కప్పు వేరు. ఎవరి గ్లాసో తెలియకుండా వండితే జావ అవుతుంది. అదేగా?" అంది.

నాన్న ఇడ్లీ ముక్క గాలిలోనే ఆపి, "అదే," అన్నాడు. మర్నాటి నుంచి తన లీగులన్నిటినీ గ్లాసులనే పిలిచాడు. స్వీడన్ గ్లాసు, రష్యా గ్లాసు, కాలేజీ గ్లాసు.

ఆ గ్లాసులు హాకీ దగ్గర ఆగి ఉంటే బాగుండేది. కాకినాడలో నాకొచ్చిన ఇంటర్ మార్కులకీ, ఇక్కడి కాలేజీలో నాకొచ్చే గ్రేడ్లకీ గుణకం కట్టి, నేను ఇంకా కొంచెం ఎక్కువ తెచ్చుకోవాల్సిందని తేల్చాడు. పుట్టినరోజు పార్టీల్లో అంకుళ్ళు ఆయన చుట్టూ చేరి తమ పిల్లల స్కూళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. "మా వాడిది కేరీ స్కూల్ అండీ, అక్కడ కాంపిటీషన్ చాలా టఫ్. వాడి బి ప్లస్‌ని మీరు ఎ కింద కన్సిడర్ చెయ్యాలి," అని ఒకాయన సమోసా ప్లేటుతో సహా బతిమాలాడు. నాన్న సానుభూతితో విని, డేటా చాలదన్నాడు. ఆ అంకుల్ మళ్ళీ మా ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టింది.

ఇంట్లో మాకు వినే ఓపిక అయిపోయాక ఆయన ఇంటర్నెట్‌లో పడ్డాడు. జట్టు అభిమానులు వాదించుకునే ఫోరమ్ ఒకటి ఉండేది. అందులో అందరికీ మారుపేర్లే. నాన్న పెట్టుకున్న పేరు గోదావరి. ఇక్కడివాళ్ళు దాన్ని ఏ స్లొవేనియా ఇంటిపేరో అనుకున్నారు. యూరప్ లీగుల గురించి అంత వివరంగా చెప్తుంటే, ఈ గోదావరి అక్కడ ఒకప్పుడు ఆడి రిటైరైన ఆటగాడని ప్రచారం మొదలైంది. "మీ మోకాలి గాయం ఇప్పుడెలా ఉంది?" అని ఒకతను అడిగాడు. నాన్నకి నిజంగానే మోకాలి నొప్పి ఉంది కాబట్టి, చలికాలం ఇబ్బందిగానే ఉంటోందని నిజాయితీగా జవాబిచ్చాడు. దాంతో ఆ ప్రచారం స్థిరపడిపోయింది.

ఆ ఫోరమ్‌లో ఆయనకి ఒకే ఒక శత్రువు. పేరు పక్‌కింగ్. నాన్న ఎంత పొడుగు లెక్క పెట్టినా కింద ఒక్క వాక్యం రాసి పడేసేది ఆ పేరు: "గోదావరీ, నువ్వు ఆ కుర్రాడు ఆడగా చూశావా?" నాన్నకి ఒళ్ళు మండిపోయేది. "చూడ్డమేమిటి అమ్మడూ? కళ్ళు మోసం చేస్తాయి. వీడెవడో కాలేజీ ఎగ్గొట్టి తిరిగే కుర్రకుంక అయ్యుంటాడు," అనేవాడు నాతో. ఇద్దరి గొడవా ముదిరింది తావి అనే కుర్రాడి దగ్గర. ఫిన్లాండ్‌లో ఏదో చిన్న ఊరు, రెండో తరగతి లీగ్, జట్టు చిట్టచివర్లో ఎంపిక చేసుకున్న పేరు. ఎవరూ పట్టించుకోని ఆ లీగ్‌కి నాన్న చాలా శ్రమపడి గుణకం కట్టి, ఈ తావి అందరికంటే పైకొస్తాడని ప్రకటించాడు. అమ్మకి ఆ పేరు తెగ నచ్చింది. "తావి అంటే పరిమళం కదండీ. ఎవరు పెట్టారో కానీ, ఎంత మంచి తెలుగు పేరో," అని మురిసిపోయింది. పక్‌కింగ్ మాత్రం ఒకటే రాసింది: "వాడు నిలబడలేడు. జులైలో వస్తాడు, వచ్చి చూడు."

జులైలో జట్టు తన కుర్రాళ్ళందరినీ రప్పించి ప్రాక్టీసు చేయిస్తుంది. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. హైవే మీద డ్రైవ్ చెయ్యడం నాన్నకి నచ్చదు కాబట్టి నేనే తీసుకెళ్ళాను. బయట ఎండకి కారు స్టీరింగ్ ముట్టుకోలేకపోతున్నాం, లోపల నాన్న స్వెట్టరూ, శాలువా, మంకీ క్యాప్. తడి రబ్బరు చాపల వాసన, చెమట వాసన, మిషన్ కాఫీ వాసన. అమ్మ దిళ్ళు పరిచి పెరుగన్నం డబ్బా తెరిచింది. ముందు వరుసలో పొట్టి తెల్లజుట్టుతో, అబద్ధం చెప్తే పట్టేసేలాంటి చూపుతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తావి మంచు మీదికి రాగానే నాన్న తన కాగితం మీద వంగి, "గుణకం ప్రకారం అయితే..." అని పైకే గొణిగాడు. ఆ మాట ఇంగ్లిషులోనే అన్నాడు కాబట్టి ఆవిడకి అర్థమైంది.

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. "నువ్వు గోదావరివా?"

నాన్న కాగితం జారవిడిచాడు. "మీరు... పక్‌కింగా?"

"నువ్వు స్లొవేనియా వాడివి కాదు," అంది ఆవిడ ఆరోపణలాగా. "మీరు కుర్రవాడు కాదు," అన్నాడు నాన్న. ఆవిడ నవ్విన నవ్వుకి మంచు మీద కుర్రాళ్ళు ఆగి ఇటు చూశారు. పేరు డోరీన్. మిన్నెసోటాలో కుటుంబ కోర్టు జడ్జిగా చేసి రిటైరై, చలి పడక ఈ రాష్ట్రానికి వచ్చి, వచ్చాక రోజంతా ఈ మంచు రింకులో కూర్చుంటోంది. అమ్మ మారుమాట్లాడకుండా ఎర్రంచు దిండు తీసి ఆవిడ కింద వేసి, చేతిలో పెరుగన్నం గిన్నె పెట్టింది. ఆవిడ మిరపకాయ ముక్క కొరికి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మొత్తం తినేసింది.

"అదిగో, మీ వాడు," అని డోరీన్ చెయ్యి చాపింది. తావి బక్కపల్చగా, ఎర్రటి చెవులతో, చాలా వేగంగా ఉన్నాడు. పక్ అతని కర్రకి అంటించినట్టు ఉంది. కానీ ఎవరైనా పెద్దవాడు వచ్చి గుద్దితే చాలు, గోడకి అతుక్కుపోయేవాడు. "చూశావా?" అందావిడ. నాన్న చూడలేదు, రాసుకుంటున్నాడు. "బరువు పెరుగుతాడు. మీరు గుణకం చూడండి," అని కాగితం చూపించాడు. ఆవిడ కాగితం చూడలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ విడదీయలేని స్నేహితులైపోయారు.

ఆ శీతాకాలం తావిని షార్లెట్‌లో ఉన్న చిన్న జట్టుకి పంపారు. పెద్ద జట్టుకి అది నిచ్చెన కింది మెట్టు. మాకు రెండు రెండున్నర గంటల దారి. వీలైన శనివారమల్లా మధ్యాహ్నం ఆటకి బయల్దేరేవాళ్ళం. నేను డ్రైవింగ్, పక్కన డోరీన్, వెనక అమ్మా, నాన్నా, నాన్న కాగితాలూ, పులిహోర డబ్బా. కారంతా ఇంగువ. దారి పొడుగునా వెనక సీటుకీ ముందు సీటుకీ వాదన. చదువుకోవాల్సిన శనివారాలు ఇలా ఖర్చయిపోతున్నాయని నేను సణిగినా, ఒక్క శనివారం మానేద్దామని మాత్రం అనలేదు. ఎందుకో నాకు ఆ ఎర్ర చెవుల కుర్రాడి మీద పక్షపాతం ఏర్పడింది. వేరే దేశంలో తెచ్చుకున్న మార్కుల్ని ఇక్కడ ఎవరో సగానికి తగ్గించి చూస్తుంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

తావికి గోల్స్ పడలేదు. ఒక నెల చూశాం, రెండు నెలలు చూశాం. పక్ అతని దగ్గరికి వచ్చేది, ఎవరో ఒకరు వచ్చి గుద్దేవారు, పక్ పోయేది. నాన్న వాదన గొంతు తగ్గుతూ వచ్చింది. మళ్ళీ లెక్క కట్టాడు. ఫిన్లాండ్ రెండో తరగతి గ్లాసు తను అనుకున్నదానికంటే చాలా చిన్నదని తేలింది. ఆ విషయం డోరీన్‌కి చెప్పలేదు, మా ఎవరికీ చెప్పలేదు. కానీ వరసగా రెండు రోజులు కాఫీలో పంచదార వేసుకోవడం మర్చిపోయేసరికి అమ్మ పట్టేసింది.

ఒక ఆట అయ్యాక, ఆటగాళ్ళు బయటికొచ్చే తలుపు దగ్గర అమ్మ పులిహోర డబ్బాతో నిలబడింది. మేం ఆపేలోగా తావి చేతిలో పెట్టేసింది. "తినే మొహం కాదమ్మా అది. రోజూ పొద్దునా రాత్రీ పాలల్లో అటుకులు తింటున్నాట్ట, పాపం," అని కారెక్కాక వాపోయింది. అతను అన్నది సీరియల్ అనే మొక్కజొన్న రేకులు. పై శనివారం ఖాళీ డబ్బా కడిగి తెచ్చాడు. అప్పటి నుంచి అది అలవాటైంది. మా వెంట ఎప్పుడైనా వచ్చే నా స్నేహితురాళ్ళు అమ్మని "ఆంటీ" అని పిలవడం విని, అదే ఆవిడ పేరనుకున్నాడు తావి. మొదటి అక్షరం మీద గట్టిగా నొక్కి "ఆంటీ" అనేవాడు. ఆ పేరు చాలా అందంగా ఉందనీ, ఫిన్లాండ్‌లో అది మగవాళ్ళకి పెడతారనీ కూడా చెప్పాడు.

మళ్ళీ జులై వచ్చింది. ప్రాక్టీసుకి మా పక్కనున్న రాలీ ఊరికి వచ్చిన తావిని అమ్మ ఆదివారం భోజనానికి పిలిచింది. ముద్దపప్పు, నెయ్యి, దొండకాయ వేపుడు, సాంబారు. డోరీన్ కూడా వచ్చింది. తావి కారం తక్కువున్నవన్నీ రెండేసి సార్లు వడ్డించుకుని తిని, చేతులు తుడుచుకుని, నాన్న వైపు తిరిగాడు. "సర్, మీరు లెక్కలు కడతారని డోరీన్ చెప్పింది. మా ఊళ్ళో ఫైర్‌మెన్ ట్రైనింగ్‌లో నాకు సీటొచ్చింది. ఈ నెలాఖరులోగా చెప్పాలి. వెళ్తే ఇక్కడి ఆట అయిపోయినట్టే. నేను పెద్ద జట్టుకి ఆడతానా?"

నాన్న సాంబారు గిన్నె అందుకున్నాడు. "ఇంకొంచెం వేసుకో."

"ఏమండీ," అంది అమ్మ తెలుగులో, "పిల్లాడు అడుగుతున్నాడు. కబుర్లు చెప్పకండి."

"నేనేం చెప్పను కామేశ్వరీ? వాడి మొహం చూసి ఎలా చెప్పను?" అన్నాడు నాన్న. వేలమంది రోగుల లెక్కలు చూసి ఈ మందు పనిచెయ్యదని నిబ్బరంగా రాసిచ్చే మనిషి. గిన్నె కింద పెట్టి, ఇంగ్లిషులో నెమ్మదిగా చెప్పాడు. "నీలాంటి స్కోర్లతో ఇక్కడికొచ్చినవాళ్ళని అందర్నీ చూశాను. ఎక్కువమంది ఆడలేదు. ఆడినవాళ్ళు చాలా తక్కువ. పోయినేడాది నీ గురించి నేను గొప్పగా రాశాను. అప్పటి లెక్క తప్పు."

"నేను ముందే చెప్పాను" అనడానికి అంతకంటే మంచి అవకాశం డోరీన్‌కి రాదు. అయినా పప్పు కలుపుతూ కూర్చుంది. తావి చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. తర్వాత నవ్వాడు. "థాంక్యూ. అందరూ కష్టపడు, కష్టపడు అంటారు. నన్ను ఒక మనిషి కింద లెక్క వేసి చెప్పింది మీరొక్కరే," అని పెరుగు గిన్నె ముందుకి లాక్కున్నాడు.

పది రోజులకి అమ్మకి ఫోన్ చేసి, ట్రైనింగ్ వద్దని చెప్పేశానన్నాడు. ఇంకో ఏడాది ఉంటాడట. "సర్ చాలా తక్కువ అన్నారు కానీ, ఎవరూ లేరు అనలేదు కదా, ఆంటీ."

నాన్న కుర్చీలోంచి లేచిపోయాడు. "అదేమిటి! నేను చెప్పిందేమిటి, వాడు విన్నదేమిటి! వాడి ఉద్యోగం నా నోటి మాటకి పోయిందే!" అని హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు. ఆ ఏడాదంతా ఆయన తావి స్కోరు చూసింది అభిమానిగా కాదు, అప్పు పడ్డవాడిలా. గోల్ పడని రోజు ఇంట్లో టీవీ పెట్టనిచ్చేవాడు కాదు. అమ్మ పులిహోరలో జీడిపప్పు పెంచింది. డోరీన్ ఆట అయ్యాక తావిని పట్టుకుని, గుద్దడానికి వచ్చేవాణ్ణి ముందే ఎలా పసిగట్టాలో పాఠాలు చెప్పేది. ఆవిడ జన్మలో స్కేట్స్ కట్టలేదు, కానీ జడ్జిలా చెప్తుంటే అతను బుద్ధిగా వినేవాడు. కొంచెం మెరుగయ్యాడు కూడా. మరీ ఎక్కువ కాదు, కొంచెం.

చలికాలం చివర్లో పెద్ద జట్టులో ఫ్లూ చొరబడింది. ఒకరి తర్వాత ఒకరు మంచమెక్కారు. ఒక ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ మోగింది. "ఆంటీ, ఇవాళ నేను ఆడుతున్నాను. పెద్ద జట్టుకి." అమ్మ గరిటె పట్టుకునే హాల్లోకి పరిగెత్తుకొచ్చింది. డోరీన్‌ని ఎక్కించుకుని అరీనాకి ఎలా వెళ్ళామో నాకు సరిగ్గా గుర్తులేదు. పై వరుసల్లో దొరికిన సీట్లలో కూర్చున్నాం. ఆ రోజు నాన్న తెచ్చుకున్న కాగితాలు సంచిలోంచి తియ్యలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మంకీ క్యాప్ తీసేసి, ముందుకి వంగి మంచు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆట చూడ్డం అదే మొదటిసారి.

తావిని చాలాసేపు బెంచి మీదే కూర్చోబెట్టారు. అప్పుడప్పుడూ నిమిషం కంటే తక్కువసేపు పంపేవారు. ఆట చివరికొస్తుండగా మళ్ళీ వచ్చాడు. మూలన గోడ దగ్గర పక్ కోసం వెళ్తే, తనకి రెట్టింపు ఉన్నవాడు వెనక నుంచి మీదికొస్తున్నాడు. డోరీన్ నా చెయ్యి నలిపేసింది. తావి చివరి క్షణంలో భుజం పక్కకి తిప్పాడు. ఆ పెద్దవాడు వెళ్ళి గోడని గుద్దుకున్నాడు. తావి కింద పడుతూ పడుతూ కర్ర కొసతో పక్‌ని మధ్యలోకి తోశాడు. అక్కడ నిలబడ్డ మా వాడొకడు దాన్ని గోల్‌లోకి కొట్టేశాడు. అరీనా అంతా లేచింది. నాన్న అందరికంటే ముందు లేచాడు. "నాకు కనపడింది! అమ్మడూ, నాకు బిళ్ళ కనపడింది!" అని అరుస్తూ పక్కనున్న ముక్కూమొహం తెలియనివాణ్ణి కావలించుకున్నాడు.

హాకీలో గోల్ కొట్టినవాడికి ఒక పాయింటు, దానికి ముందు పక్ అందించిన ఇద్దరికీ చెరొకటి. మైకులో పేర్లు చదివారు. తావి పేరు లేదు. గుంపులో ఎవరి కర్ర తగిలిందో వాళ్ళకి సరిగ్గా కనపడలేదేమో, వేరే ఇద్దరికి ఇచ్చేశారు. నాన్న నమ్మలేదు. జీవితంలో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, మెట్లు దిగి సీట్లు చూపించే అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ఇందులో డేటా ఎర్రర్ ఉంది. నేను స్టాటిస్టీషియన్‌ని. ఎవరితో మాట్లాడాలి?" అని నిలదీశాడు. ఆ అమ్మాయి బాత్రూమ్ ఎటుందో చూపించింది. మర్నాడు దిద్దుతారేమోనని చూశాం. దిద్దలేదు. నాన్న రాసిన ఈమెయిల్‌కి జవాబు రాలేదు. మంచమెక్కినవాళ్ళు లేచి వచ్చారు, తావి షార్లెట్ వెళ్ళిపోయాడు.

ఈ గుణకాలు ఇప్పుడు ఎవరూ చేత్తో కట్టక్కర్లేదు. ఫోన్‌లో కుర్రాడి పేరు కొడితే ఏ లీగ్‌లో గోల్ ఇక్కడ ఎంతకి సమానమో, వాడు పైకొచ్చే అవకాశం ఎంతో రంగురంగుల గీతల్లో వచ్చేస్తుంది. నాన్న వాటిని చూసి, లెక్క తనకంటే బాగా కట్టారని ఒప్పుకుంటాడు. కానీ ఆ లెక్కలు కట్టేవాళ్ళ ఇంటికి ఏ కుర్రాడైనా భోజనానికి వచ్చి, చేతులు తుడుచుకుని, నా సంగతేమిటని అడుగుతాడా అని నాకు అనుమానం. తావి పేరు కొడితే ఒక్క వరుస వస్తుంది. ఒక ఆట, గోల్స్ సున్నా, పాయింట్లు సున్నా. గీత గీయడానికి కూడా చాలదు.

ఆ వసంతంలో తావి ఫిన్లాండ్ వెళ్ళిపోయే ముందు మా ఇంటికి వచ్చాడు. ఫైర్‌మెన్ ట్రైనింగ్ వాళ్ళు మళ్ళీ సీటిచ్చారని చెప్పగానే నాన్న కుర్చీలో వెనక్కి వాలి, ఏడాదిగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. భోజనాలయ్యాయి. మాటల్లో మళ్ళీ ఆ పాయింటు సంగతి వచ్చింది. "వదిలెయ్యండి సర్. రాసింది సున్నా కదా," అన్నాడు తావి. నాన్న మొహం చిన్నబోయింది. అప్పుడు డోరీన్ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. సాంబారు గరిటె తీసుకుని గిన్నె మూత మీద ఠంగున కొట్టింది. "కోర్టు మొదలైంది. అందరూ లేవండి."

నవ్వుతూ లేచాం. ఆవిడ నవ్వలేదు. మిన్నెసోటాలో ఎన్ని కుటుంబాల్ని అలా చూసిందో, అదే చూపు. "గోదావరీ, నువ్వేం చూశావు?" నాన్న చేతులు కట్టుకుని, మూల నుంచి మధ్యకి పక్ వచ్చిన దారంతా ఒక్కో అంగుళం చెప్పాడు. అమ్మని అడిగింది. "నేనూ చూశానండీ జడ్జిగారూ, దేవుడి మీద ఒట్టు," అంది అమ్మ, తెలుగులోనే. నేను తర్జుమా చేశాను. తర్వాత ఆవిడ తావి వైపు తిరిగింది. "నిజం చెప్పు. ఆ పక్‌కి గోల్ కొట్టినవాడి కంటే ముందు చివరిసారి తగిలిన కర్ర ఎవరిది?"

తావి అప్పటిదాకా నవ్వుతున్నవాడు నవ్వు ఆపాడు. నేల వైపు చూసి, తర్వాత ఆవిడ మొహంలోకి చూశాడు. "నాదే," అన్నాడు. ఆ మాట అతను ఎవరితోనూ అనలేదని వినగానే తెలిసిపోయింది.

"ఈ కోర్టు పాయింటు మంజూరు చేసింది," అని డోరీన్ మూత మీద మళ్ళీ కొట్టింది.

"ఇది అఫీషియలేనా?" అని అడిగాడు తావి.

"ఈ ఇంట్లో అఫీషియలే," అందావిడ గరిటె అమ్మకి ఇచ్చేస్తూ. నాన్న లేచి వెళ్ళి అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. తావి ఆయన చెయ్యి చాలాసేపు వదల్లేదు.